పరాయి మూల నుంచి చూస్తే

ఒక స్టేడియం ఎలాంటిదని సొంత జట్టు అభిమానిని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు వస్తుంది. అతనికది పుట్టి పెరిగిన చోటు. జట్టు ఓడినా, వానలో తడిసి ముద్దయినా అతని లెక్కలో దాన్ని మించింది లేదు. అడగాల్సింది వేరే ఊరి నుంచి రైలెక్కి వచ్చినవాణ్ణి. జర్మన్ లీగ్‌లో ప్రతి క్లబ్బూ తన స్టేడియంలో పదో వంతు టికెట్లు ఎదుటి జట్టు అభిమానులకు వదలాలని నిబంధన ఉంది. ఆ జనాన్నంతా కంచెల మధ్య ఒక మూలన ఉంచుతారు. ఆ మూలనే గెస్టెబ్లాక్ అంటారు. అక్కడ నిలబడ్డవాణ్ణి మెప్పించాల్సిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి స్టేడియం అసలు స్వభావం అతనికే ముందు తెలుస్తుంది.

డోర్ట్‌మండ్‌లో పాతిక వేలమంది నిలబడే పసుపు గోడ గురించి, మ్యూనిక్‌లో రంగులు మార్చే అలియాన్జ్ అరేనా గురించి చాలామంది రాశారు. వాటి జోలికి నేను వెళ్ళను. ఒకే నగరంలో ఉండి, ఫుట్‌బాల్ అంటే ఏమిటన్న ప్రశ్నకు పూర్తిగా వేరు వేరు జవాబులిచ్చే రెండు స్టేడియాలు బెర్లిన్‌లో ఉన్నాయి. ఎస్-3 లోకల్ రైలు ఊరిని పడమర నుంచి తూర్పుదాకా దాటుతుంది. పడమట దిగితే ఒలింపియా స్టేడియం, హెర్తా బెర్లిన్ ఆడే చోటు. తూర్పున క్యోపెనిక్‌లో దిగితే ఆల్టె ఫోర్స్టెరై, యూనియన్ బెర్లిన్ సొంత గడ్డ. మ్యాచ్‌ల పట్టిక కలిసొస్తే ఒకే వారాంతంలో రెండూ చూడొచ్చు. చూడాలి కూడా. ఒకటి చూసి ఊరుకుంటే రెండోదానికి అన్యాయం జరుగుతుంది.

పడమటి దాని సంగతి ముందు. స్టేషన్ నుంచి నడుస్తుంటే ఎదురుగా విశాలమైన ఖాళీ స్థలం, దాని చివర రెండు రాతి బురుజులు, వాటి మధ్య వేలాడే ఐదు ఒలింపిక్ వలయాలు. బయటి నుంచి చూస్తే స్టేడియం అనుకున్నంత ఎత్తుండదు. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే కాళ్ళ కింద నేల ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. మైదానాన్ని నేల మట్టానికి 12 మీటర్ల కిందికి తవ్వి కట్టారు. వాస్తుశిల్పి వెర్నర్ మార్ష్. 1936 ఒలింపిక్స్ కోసం, హిట్లర్ ప్రభుత్వం తన బలాన్ని లోకానికి చూపించుకోవడం కోసం లేచిన కట్టడమిది. ఆ ప్రదర్శన అనుకున్నట్టు సాగలేదు. అమెరికా నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ అక్కడే నాలుగు స్వర్ణాలు గెలిచాడు. ఇప్పుడు స్టేడియం పక్కన ఒక వీధికి ఆయన పేరుంది. మనకూ ఆ ప్రాంగణంతో పాత పరిచయం ఉంది. పక్కనే ఉన్న హాకీ మైదానంలో 1936 ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ నాయకత్వంలోని భారత జట్టు ఫైనల్లో జర్మనీని 8-1 తేడాతో ఓడించింది.

చరిత్ర ఇంత బరువుగా ఉన్నచోట ఆటను గురించి మాట్లాడటం కష్టం. అయినా మాట్లాడాలి, ఎందుకంటే రాళ్ళలో దాగిన ఉద్దేశం ఈనాటికీ ఆట మీద పనిచేస్తోంది. ఈ కట్టడం జనాన్ని ఒకచోట చేర్చడానికి పుట్టింది. చేరినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పుట్టలేదు. అన్ని కళ్ళూ ఒకవైపు తిరగాలి, ఊరేగింపు చూడాలి, అంతే దాని లెక్క. 2000 నుంచి 2004 దాకా పెద్ద ఎత్తున బాగుచేసి పైకప్పు వేశారు, మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్‌కు హెర్తా రంగైన నీలం పులిమారు. ఆ నీలం ట్రాక్ మీదే 2009 ఆగస్టులో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తాడు. అథ్లెటిక్స్‌కు అది పుణ్యస్థలమే. ఫుట్‌బాల్‌కు మాత్రం ఆ ట్రాక్ ఒక కందకం.

గెస్టెబ్లాక్ నుంచి చూడండి. పడమటివైపు మారథాన్ ద్వారం పక్కన, పైకప్పు వలయం తెగిపోయి ఆకాశం కనిపించే చోట, పరాయి అభిమానులను ఉంచుతారు. హెర్తా కరడుగట్టిన అభిమానులు, అల్ట్రాలు, ఉండేది సరిగ్గా ఎదురు చివర, ఓస్ట్‌కుర్వె అనే తూర్పు వంపులో. మధ్యలో రెండు గోల్‌పోస్టులు, రెండు వైపులా ట్రాక్, దాని వెనక ఇంకా ఖాళీ. వాళ్ళు చేతులెత్తి చప్పట్లు కొట్టడం కంటికి ముందు కనిపిస్తుంది, చెవికి తర్వాత అందుతుంది. మీ పాట వాళ్ళకు చేరేసరికి అది పాటగా మిగలదు, దూరంగా ఎక్కడో ఏదో సందడి అన్నట్టు ఉంటుంది. అవతలి గోల్ దగ్గర మీ జట్టు గోల్ కొడితే ఎవరు కొట్టారో తేల్చుకోవడానికి పెద్ద తెర వైపు చూడాల్సిందే. మిమ్మల్ని ఎవరూ తిట్టరు, ఎవరూ తరమరు. మీరున్నట్టే ఎవరికీ పట్టదు. వందల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చినవాడికి ఇది చిన్న బాధ కాదు.

ఇందులో హెర్తావాళ్ళ తప్పు లేదు. వాళ్ళు అక్కడ అద్దెకున్నవాళ్ళు. స్టేడియం బెర్లిన్ రాష్ట్ర ప్రభుత్వానిది. 1892లో పుట్టిన క్లబ్బు 1963లో జర్మన్ మొదటి డివిజన్ బుండెస్‌లీగా మొదలైనప్పుడు ఇక్కడికి మారింది. అంతకుముందు వాళ్ళ ఇల్లు ఉత్తర బెర్లిన్‌లోని గెసుండ్‌బ్రునెన్‌లో ఉండేది, జనం దాన్ని ప్లుంపె అని పిలుచుకునేవారు. అది తూర్పు, పడమర బెర్లిన్‌ల సరిహద్దుకు దగ్గర. 1961లో బెర్లిన్ గోడ లేచాక తూర్పున చిక్కుపడ్డ హెర్తా అభిమానులు మ్యాచ్ రోజున గోడ దగ్గరికి వచ్చి, అవతల స్టేడియంలో లేచే అరుపులు విని ఆట ఎలా సాగుతోందో ఊహించుకునేవారు. రెండేళ్ళ తర్వాత క్లబ్బు ఒలింపియాకు మారడంతో ఆ అరుపులు కూడా వాళ్ళకు దూరమయ్యాయి. ఎన్నో ఏళ్ళుగా హెర్తా ట్రాక్ లేని, తనదైన ఫుట్‌బాల్ స్టేడియం కావాలని అడుగుతూనే ఉంది. ఒలింపియా గెస్టెబ్లాక్‌లో కూర్చున్నవాడి వెలితి, ఎదురు చివర జెండాలు ఊపేవాడి వెలితి ఒకటే. ఇద్దరికీ ఆట దూరంగానే ఉంది.

తూర్పుకు వెళ్దాం. క్యోపెనిక్‌లో దిగాక స్టేడియానికి దారి చూపే బురుజులుండవు. ఎర్ర కండువాల వెంట నడవడమే. వూలె అనే చిన్న ఏరు, చెట్లు, అడవి అంచు. పాత అటవీ అధికారి ఇల్లు పక్కనే ఉండటంతో స్టేడియానికి ఆ పేరొచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు క్లబ్బు కార్యాలయం ఉంది. 1920లో ఈ మైదానం తెరుచుకుంది. ఇప్పుడు 22,012 మంది పడతారు. అందులో కుర్చీలు 3,617 మాత్రమే. మిగతావాళ్ళంతా మూడు వైపులా మెట్ల మీద నిలబడి చూస్తారు. 1989 హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట విషాదం తర్వాత ఇంగ్లండ్ పెద్ద స్టేడియాల్లో నిలబడి చూడటాన్ని తీసేశారు. వారాంతాల్లో ఆ దేశపు అభిమానులు విమానమెక్కి జర్మనీకి రావడానికి ఒక పెద్ద కారణం ఈ మెట్లే. కుర్చీలో కూర్చున్నవాడు చూస్తాడు. మెట్టు మీద నిలబడ్డవాడి భుజానికి పక్కవాడి భుజం తగులుతుంది, గోల్ పడితే నాలుగు మెట్లు కిందికి జారి ముక్కూ మొహం తెలియనివాడి చేతుల్లో పడతాడు.

ఈ మెట్లు ఎలా వచ్చాయో తెలిస్తేగాని స్టేడియం అర్థం కాదు. యూనియన్ ఇప్పటి రూపంలో 1966లో ఏర్పడింది. తూర్పు జర్మనీలో రహస్య పోలీసు శాఖ స్టాజీ అండ ఉన్న డైనమో బెర్లిన్ వరసగా ఛాంపియన్ అవుతుంటే, యూనియన్ ఫ్యాక్టరీ కార్మికుల జట్టుగా ఎక్కుతూ దిగుతూ బతికింది. గోడ కూలాక డబ్బు లేక పలుమార్లు మునిగే దాకా వెళ్ళింది. 2004లో లైసెన్స్ నిలబెట్టుకోవడానికి డబ్బు కావాల్సి వస్తే అభిమానులు రక్తం అమ్మి, వచ్చిన సొమ్ము క్లబ్బుకిచ్చారు. అప్పటికి మెట్లు పగిలి, గడ్డి మొలిచి, లీగ్ అనుమతికి పనికిరాని స్థితికి చేరాయి. 2008లో పని మొదలైంది. చెరువు పూడిక తీయడానికి ఊరంతా తట్టా పారా పట్టుకుని కదిలినట్టు రెండువేల మందికి పైగా అభిమానులు వచ్చారు. వెల్డింగ్ వచ్చినవాళ్ళు వెల్డింగ్, రానివాళ్ళు సిమెంటు మోత. జీతం లేకుండా దాదాపు లక్షా నలభై వేల గంటల పని చేశారు. 2009 జూలైలో మళ్ళీ తెరిచినప్పుడు మొదటి మ్యాచ్‌కు పిలిచింది ఎవరినో కాదు, హెర్తానే. 2011లో స్టేడియాన్నే షేర్లుగా చేసి, ఒక్కోటి 500 యూరోలకు సభ్యులకు అమ్మారు. 2013లో కుర్చీలున్న కొత్త మెయిన్ స్టాండ్ వచ్చింది.

పోలికలో అసలు ముడి ఇక్కడుంది. ఒలింపియాను ప్రభుత్వం కట్టించి ప్రజలకు చూపించింది. ఆల్టె ఫోర్స్టెరైని జనం కట్టుకుని తమకు తాము ఇచ్చుకున్నారు. అయితే దాన్ని కట్టుకున్నవాళ్ళలో పరాయి ఊరివాడు లేడు. మరి అతనికి అక్కడ దక్కేదేమిటి?

దక్కేది ఎదిరింపు. మూలన మెట్ల మీద నిలబడితే మైదానం గీత కొద్ది అడుగుల దూరంలో ఉంటుంది. కార్నర్ కొట్టడానికి వచ్చిన ఆటగాడి బూటు బంతిని తాకిన చప్పుడు వినిపిస్తుంది. ఎదురుగా అడవి వైపు గోల్ వెనక వాల్డ్‌సైటె మెట్ల మీద యూనియన్ అల్ట్రాలు. మీరు పాట ఎత్తుకుంటే వాళ్ళు వింటారు, వెంటనే దాన్ని ముంచేసేలా ఇంకొకటి ఎత్తుకుంటారు. అనౌన్సర్ యూనియన్ ఆటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే ప్రతి పేరు వెనకా మెట్లన్నీ కలిసి అతన్ని ఫుట్‌బాల్ దేవుడని అరుస్తాయి. అక్కడి జనానికి రాయని నియమాలున్నాయి. సొంత ఆటగాణ్ణి ఎగతాళి చేయకూడదు, ఆఖరి విజిల్‌కు ముందు కదలకూడదు. మీ జట్టు మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నా వాళ్ళ పాట తగ్గదు. మీరు గెలిచినా గెలిచిన భావన మీకు సులువుగా రానివ్వరు. దీన్ని నేను ఆతిథ్యంగానే లెక్కిస్తాను. ఎదుటివాడు తన పూర్తి బలంతో ఎదిరించాడంటే, వచ్చినవాణ్ణి లెక్కలోకి తీసుకున్నాడని అర్థం. మూలన ఇప్పటికీ చేత్తో అంకెలు మార్చే పాత స్కోరు బోర్డు ఉంది. మీ జట్టు గోల్ కొడితే వాళ్ళ మనిషే లేచి మీ అంకె మార్చాలి. ఒలింపియా తెర మీద ఎంత పెద్ద అక్షరాల్లో పడినా ఆ గోల్‌కు ఇంత విలువ రాదు.

ఈ మాట ఊహ కాదనడానికి ఒక రుజువు. 2019లో యూనియన్ మొదటిసారి బుండెస్‌లీగాకు వచ్చింది. ఆగస్టు 18న సొంతగడ్డ మీద తొలి మ్యాచ్‌లో ఎదుటి జట్టు ఆర్‌బీ లైప్‌జిగ్. సభ్యుల ఆధిపత్యం ఉండాలన్న జర్మన్ సూత్రాన్ని ఒక పానీయాల కంపెనీ దొడ్డిదారిన దాటేసిందని ఆ క్లబ్బు మీద చాలామంది అభిమానులకు కోపం. యూనియన్ మెట్లు ఏం చేశాయి? మొదటి పదిహేను నిమిషాలు నోరు విప్పలేదు. పాట లేదు, డోలు లేదు. జీవితమంతా ఎదురుచూసిన రోజున కూడా వాళ్ళు మౌనంగా నిలబడ్డారు. ఎదిరించడానికి కూడా నువ్వు తగవని చెప్పడమే ఆ మెట్ల మీద అన్నిటికంటే పెద్ద శిక్ష. అదే రోజు, అంతకుముందే చనిపోయిన నాలుగు వందల మందికి పైగా అభిమానుల ఫొటోలను వాళ్ళ బంధువులు, స్నేహితులు పైకెత్తి పట్టుకున్నారు, వాళ్ళు కూడా ఈ రోజు చూడాలని. మ్యాచ్‌లో యూనియన్ 0-4 తేడాతో ఓడింది. ఆ మ్యాచ్ గురించి రాసినవాళ్ళు స్కోరు కంటే ఫొటోల గురించే ఎక్కువ రాశారు. సరిగ్గానే రాశారు.

ఇంతవరకు చదివి తూర్పు స్టేడియం స్వర్గమనుకుంటే పొరపాటు. దగ్గరతనానికి ధర ఉంది. 2024 డిసెంబర్ 14న బోహుమ్ జట్టు వచ్చినప్పుడు ఆఖరి నిమిషాల్లో యూనియన్ మెట్ల మీది నుంచి ఒక లైటర్ ఎగిరొచ్చి బోహుమ్ గోల్‌కీపర్ పాట్రిక్ డ్రేవెస్ తలకు తగిలింది. ఆట చాలాసేపు ఆగింది. అతను మళ్ళీ దిగలేకపోయాడు, స్ట్రైకర్ ఫిలిప్ హోఫ్‌మన్ గ్లోవ్స్ వేసుకుని గోల్‌లో నిలబడ్డాడు, రెండు జట్లూ గోల్ కోసం ప్రయత్నించకుండా మిగిలిన నిమిషాలు గడిపేశాయి. 1-1తో ముగిసిన ఆ ఆటను తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య న్యాయస్థానం బోహుమ్ 2-0 తేడాతో గెలిచినట్టు ప్రకటించింది. విసిరినవాడు ఒక్కడే, మెట్ల మీదివాళ్ళందరూ కాదు. అయినా ఒలింపియాలో ట్రాక్ అవతల నుంచి లైటర్ గోల్‌కీపర్ దాకా రావడం కష్టం. ఏ దూరాన్ని నేను పైన తప్పుబట్టానో ఆ దూరమే అక్కడ గోల్‌కీపర్‌కు రక్షణ. వచ్చినవాణ్ణి ఎదిరించడానికీ గాయపరచడానికీ మధ్య కొద్ది అడుగులే ఉన్నప్పుడు ఆ అడుగులను కాపాడాల్సిన బాధ్యత మెట్ల మీదివాళ్ళదే. ఆ రోజు వాళ్ళు కాపాడలేదు.

అంతకు ఐదేళ్ళ ముందు, 2019 నవంబర్ 2న, బుండెస్‌లీగాలో యూనియన్, హెర్తాల మొదటి పోటీ కూడా ఇక్కడే జరిగింది. ఆ సాయంత్రం నిప్పుల రాకెట్లు గెస్టెబ్లాక్ నుంచి మైదానం మీదికి వచ్చాయి. ఆట ఆగింది. 87వ నిమిషంలో సెబాస్టియన్ పోల్టర్ పెనాల్టీతో యూనియన్ 1-0 గెలిచింది. ఆట ముగిశాక ముసుగులు వేసుకున్న కొందరు యూనియన్ అభిమానులు మైదానంలోకి దిగి హెర్తా మూల వైపు పరుగెత్తబోతే, యూనియన్ గోల్‌కీపరే, రఫాల్ గికీవిచ్, వాళ్ళకు అడ్డం నిలబడి వెనక్కి తోసి పంపించాడు. పరాయి మూలకు రక్షణగా సొంత జట్టు ఆటగాడు నిలబడటం కంటే గొప్ప దృశ్యం ఆ సాయంత్రం ఆటలో లేదు.

ఈ రెండు క్లబ్బులు ఒకప్పుడు శత్రువులు కావు. గోడ ఉన్న రోజుల్లో తూర్పు యూనియన్ అభిమానులు హెర్తా పాటలు పాడుకునేవారు. హెర్తా 1979లో యూఏఫా కప్ కోసం ప్రాగ్‌లో డుక్లాతో ఆడటానికి వెళ్తే తూర్పు జర్మనీ నుంచి జనం అక్కడికి ప్రయాణమయ్యారు. సొంత ఊళ్ళో చూడలేని జట్టును పొరుగు దేశంలో చూడటానికి. ప్రయాణించే అభిమాని అన్నమాటకు అంతకంటే బరువైన ఉదాహరణ నాకు తెలియదు. గోడ కూలాక 1990 జనవరి 27న రెండు జట్లూ ఒలింపియాలో స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. 50 వేలమందికి పైగా వచ్చారు, రెండు వైపులవాళ్ళూ కలిసి పాడారు. హెర్తా 2-1తో గెలిచింది కానీ ఆ రోజు ఓడినవాళ్ళెవరూ లేరు. గమనించండి, ఆ రోజు ఒలింపియా దాని దూరాన్ని పోగొట్టుకుంది. ఎందుకంటే ఎవరూ గెస్టెబ్లాక్‌లో లేరు.

ఇక్కడే నేను ఒలింపియా వైపు మాట్లాడాలి. 1985 నుంచి జర్మన్ కప్ ఫైనల్ ఏటా అక్కడే జరుగుతోంది. ఆ రోజు స్టేడియం రెండుగా చీలుతుంది. తూర్పు వంపు ఒక ఊరిది, పడమటి వంపు ఇంకో ఊరిది. సాధారణంగా ఇద్దరూ పరాయివాళ్ళే. 2024లో రెండో డివిజన్ కైజర్స్‌లౌటర్న్, 2025లో మూడో డివిజన్ బీలెఫెల్డ్ తమ ఊళ్ళను దాదాపు ఖాళీ చేసి బెర్లిన్‌కు వచ్చాయి. రెండూ ఓడాయి, లెవర్‌కుజెన్‌తో 0-1, స్టుట్‌గార్ట్‌తో 2-4. 2001లో యూనియన్ కూడా మూడో డివిజన్‌లో ఉండగానే ఫైనల్‌కు వచ్చింది. తూర్పు నుంచి ఎర్ర కండువాలు ఊరు దాటి పడమరకు వెళ్ళాయి, సొంత నగరంలోనే ప్రయాణికులుగా. షాల్కె చేతిలో 0-2 ఓటమి. అలాంటి రోజుల్లో ఆ రాతి గుండ్రం తనకు తాను న్యాయం చేసుకుంటుంది. ఇంటివాడు లేనప్పుడు ఎవరూ చిన్నబోరు. 2006 జూలై 9న ఇటలీ, ఫ్రాన్స్ ప్రపంచ కప్ ఫైనల్, ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఎదుటివాణ్ణి తలతో కొట్టి ఎర్ర కార్డుతో వెళ్ళిపోయిన రాత్రి, ఇలాంటిదే. 2024 యూరో ఫైనల్లో స్పెయిన్, ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించినప్పుడూ అంతే. ఒలింపియా ప్రయాణికుల స్టేడియం. వారం వారం ఒక ఊరి జట్టుకు ఇల్లుగా ఉండమని దాన్ని అడగడమే దానికి చేసిన అన్యాయం.

మరో విషయంలోనూ పడమరకే నా ఓటు. టికెట్. 74 వేలకు పైగా చోటున్న స్టేడియం కాబట్టి బెర్లిన్‌కు వచ్చిన ఎవరైనా, అక్కడ చదువుకునే మన తెలుగు విద్యార్థి అయినా, హెర్తా మామూలు మ్యాచ్‌కు సులభంగా టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు. ఆల్టె ఫోర్స్టెరైలో అది కలే. టికెట్లు ముందు సభ్యులకు పోతాయి, తర్వాత మిగలవు. గెస్టెబ్లాక్‌కు ఎదుటి క్లబ్బు ద్వారా వచ్చినవాడికి దారి ఉంది. ఏ జట్టూ లేకుండా ఆట మీది ప్రేమతో వచ్చినవాడికి లేదు. కట్టుకున్నవాళ్ళకే మొదటి హక్కు అనడంలో న్యాయముంది, ఒప్పుకుంటాను. కానీ ఆ న్యాయం వల్ల బయట నిలిచిపోయేవాళ్ళున్నారని కూడా చెప్పాలి. ఒకటి తలుపు బార్లా తీసి దూరంగా కూర్చోబెడుతుంది, ఇంకొకటి తలుపు సగమే తీసి పక్కన నిలబెట్టుకుంటుంది. నాకు రెండోదే ఇష్టం, అయినా మొదటిదాని ఉదారతను తక్కువ చేయలేను.

బీరు, వేయించిన సాసేజ్, ఖాళీ గ్లాసు తిరిగిస్తే చేతికొచ్చే డిపాజిట్ రెండు చోట్లా ఒకటే. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

2023 శరత్కాలంలో ఈ పోలికకు అనుకోని పరీక్ష ఎదురైంది. ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించిన యూనియన్ తన సొంత మ్యాచ్‌లను ఒలింపియాలో ఆడింది. మెట్ల మీది జనమే కుర్చీల మధ్యకు వెళ్ళింది. హెర్తావాళ్ళ తూర్పు వంపు ఆ రాత్రులకు ఎరుపెక్కింది. బ్రాగాతో తొలి మ్యాచ్‌కు 73 వేలమంది వచ్చారు. షెరాల్డో బెకర్ రెండు గోల్స్‌తో ముందంజ వేసిన యూనియన్ ఆఖరి క్షణాల్లో 2-3తో ఓడింది. నాపోలీతో 0-1, డిసెంబర్‌లో రియల్ మాడ్రిడ్‌తో మళ్ళీ 2-3. మూడింటికి మూడూ పోయాయి. ఓటమికి కారణం స్టేడియమని చెప్పను, ఆ సీజన్‌లో జట్టే తడబడింది. కానీ సాధారణంగా టికెట్ దొరక్క బయటే ఉండిపోయే సభ్యులు ఆ రాత్రుల్లో లోపలికి రాగలిగారు. గొంతు పెద్దదైంది, పదును తగ్గింది. రియల్ మాడ్రిడ్ క్యోపెనిక్ మెట్ల మధ్య ఆడి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. అదే సమయంలో, తాతతో పాటు మనవణ్ణి కూడా తీసుకెళ్ళగలిగిన కుటుంబాన్ని ఎవరైనా అడిగితే ఒలింపియానే సరైనదని వాళ్ళంటారు.

రాళ్ళూ మెట్లూ చెప్పనిది ఇంకొకటి ఉంది. యూనియన్ మంచిది, హెర్తా డబ్బుది అని గీత గీయడం తేలిక. 2019 నుంచి ఒక పెట్టుబడిదారుడు హెర్తాలో 374 మిలియన్ యూరోలు పోశాడు, క్లబ్బు బాగుపడలేదు, 2023లో రెండో డివిజన్‌కు పడిపోయింది. కానీ అదే హెర్తా సభ్యులు 2022లో తమ అల్ట్రాలలో ఒకడైన కై బెర్న్‌స్టైన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఓస్ట్‌కుర్వెలో నిలబడి పాట ఎత్తించిన మనిషి అధ్యక్షుడి కుర్చీలోకి వచ్చాడు. 2024 జనవరిలో 43 ఏళ్ళకే ఆయన చనిపోయాడు. ఆ తర్వాతి నెల, ఫిబ్రవరి 3న, లీగ్‌లోకి బయటి పెట్టుబడిదారులను తెచ్చే ప్రతిపాదనకు నిరసనగా అభిమానులు టెన్నిస్ బంతులు విసిరితే, హెర్తా, హాంబర్గ్ మ్యాచ్ అరగంటకు పైగా ఆగిపోయింది. వారం తర్వాత క్యోపెనిక్‌లో వోల్ఫ్స్‌బుర్గ్ మ్యాచ్‌లోనూ అవే బంతులు. ఆ నెలలోనే లీగ్ ఆ ప్రతిపాదన వదులుకుంది. దేశమంతా రెండు వైపుల అభిమానులూ ఒకే పని చేయడం వల్ల ఆ ఒత్తిడి పనిచేసింది. ఎంత దూరం నుంచి విసిరినా ఒలింపియాలో కూడా ఆ బంతులు మైదానం మీదికి చేరాయి.

ఇప్పుడు రెండు స్టేడియాల జాతకమూ మారబోతోంది. యూనియన్ తన మెట్లను 40 వేలమందికి సరిపడేలా పెంచాలని చూస్తోంది. పని జరిగేటప్పుడు ఒక సీజన్ ఒలింపియాలో ఆడే ఆలోచనా ఉంది. పెరిగిన మెట్లలో ఎక్కువభాగం నిలబడేవాళ్ళవే అయితే, సభ్యత్వం లేనివాడికి కూడా కొన్ని టికెట్లు దక్కితే, నేను పైన చెప్పిన సగం తలుపు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. మెట్ల బదులు కుర్చీలు పెరిగితే ఫిర్యాదు ఇంకా పెద్దదవుతుంది. హెర్తా విషయంలో నగరానికి భయం: క్లబ్బు వెళ్ళిపోతే అంత పెద్ద కట్టడాన్ని ఎవరు పోషిస్తారని. భయం నిజమైనదే, ఖర్చు నిజమైనదే. అయినా హెర్తాకు ఒలింపియా పార్కులోనో మరోచోటో ట్రాక్ లేని, మెట్లున్న, గెస్టెబ్లాక్ మైదానాన్ని ఆనుకునే స్టేడియం కట్టుకోనివ్వాలి. పాత రాతి గుండ్రాన్ని మే నెల ఫైనల్‌కు, ఊళ్ళకు ఊళ్ళు తరలి వచ్చేవాళ్ళకు వదిలిపెట్టాలి. బీలెఫెల్డ్ నుంచి వచ్చినవాళ్ళు ఓడిన రాత్రి కూడా ఆఖరిదాకా పాడుతూనే ఉన్నారు, అక్కడ వాళ్ళను మూలన పెట్టినవాళ్ళెవరూ లేరు.